వాచ్‌మన్ లేని సెల్లార్: రీనేమింగ్ సమస్యను పలకలతో ఆడి నేర్చుకోవడం ఎలా

మీ బైక్ నంబర్ ప్లేట్ మీది చివరి నాలుగు అంకెలు గుర్తు తెచ్చుకోండి. 4127 అనుకుందాం. ప్రస్తుతానికి మీ పేరు అదే. బండి మీద అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగారు. నేల మీద 1, 2, 3 అని నంబర్లు వేసిన గళ్లు ఉన్నాయి. మీతో పాటే ఇంకో రెండు బైకులు దిగుతున్నాయి. "ఇక్కడ పెట్టండి సార్" అని చెప్పే వాచ్‌మన్ లేడు. ఒకరి కోసం ఒకరు ఆగడానికీ లేదు, ఎందుకంటే మీ ముందున్నాయన బండి మధ్యలో ఆపి ఫోన్ మాట్లాడుతూ అలాగే వెళ్లిపోవచ్చు, ఎప్పటికీ తిరిగి రాకపోవచ్చు. అయినా అందరికీ వేర్వేరు గళ్లు దొరకాలి. గడి నంబర్లు వీలైనంత చిన్నవిగా ఉండాలి.

షేర్డ్ మెమరీలో, అంటే అందరూ చదివి రాయగల ఉమ్మడి మెమరీలో, రీనేమింగ్ సమస్య అంటే ఇదే. బైకుల స్థానంలో ఒకేసారి నడిచే ప్రోగ్రాములు, అంటే ప్రాసెస్‌లు, ప్లేట్ నంబర్ల స్థానంలో చాలా పెద్ద ఐడీలు, గడి నంబర్ల స్థానంలో కొత్త చిన్న పేర్లు. పెద్ద పేరుతో వచ్చి చిన్న పేరుతో వెళ్లాలి.

దీని వెనక చిన్న చరిత్ర ఉంది. ఎవరి వేగం వాళ్లదిగా నడిచే వ్యవస్థలో ఒక్క ప్రాసెస్ మధ్యలో ఆగిపోయే అవకాశం ఉన్నా అందరూ ఒకే మాట మీదకు వస్తారని హామీ ఇవ్వలేమని ఫిషర్, లించ్, పాటర్సన్ 1985లో నిరూపించారు. మరి అలాంటి చోట అసలు ఏదైనా చేయగలమా అన్న ప్రశ్న మిగిలింది. దానికి వచ్చిన మంచి జవాబుల్లో రీనేమింగ్ ఒకటి. అత్తియా, బార్-నోయ్, డోలెవ్, పెలెగ్, రైషుక్ అనే ఐదుగురు 1990 నాటి పేపర్‌లో, సందేశాలు పంపుకునే వ్యవస్థలో ఇది సాధ్యమని చూపించారు. షేర్డ్ మెమరీలోకి ఆ తర్వాత వచ్చింది.

నేను దీన్ని మొదట పేపర్లు చదివే నేర్చుకోవాలని చూశాను. వాక్యాలన్నీ అర్థమయ్యేవి, విషయం మాత్రం చేతికి చిక్కేది కాదు. ఎస్సార్ నగర్‌లో మా మేడ మీద ముగ్గురు స్టూడెంట్లతో పలకలు పరిచి ఆడిన సాయంత్రం చిక్కింది. అందుకే మీకూ అదే దారి చెబుతున్నాను. కోడ్ చివర్లో రాద్దాం.

ముందు మనుషుల్ని, పలకల్ని పోగేయండి

మీతో కలిపి నలుగురు కావాలి. ముగ్గురు ఆడతారు, ఒకరు షెడ్యూలర్. పన్నెండు పలకలు, సుద్దముక్కలు, తడిగుడ్డ, ఒక ఫోన్ ఉంటే చాలు. అక్షరాభ్యాసాల కోసం జనం ఇంకా కొంటూనే ఉంటారు కాబట్టి పలకలు ఏ స్టేషనరీ షాపులోనైనా దొరుకుతాయి. ఎండాకాలమైతే సాయంత్రం ఆరు దాటాక మేడ ఎక్కండి, అంతకుముందు నేల కాలుతుంది.

షెడ్యూలర్‌గా ఎవరిని పెడతారన్నది ముఖ్యం. ఎత్తులు వేయడం ఇష్టమున్న మనిషిని పెట్టండి. ఆట మొత్తం ఆ మనిషి చేతిలోనే ఉంటుంది. షెడ్యూలర్ ఎవరి నంబర్ పిలిస్తే వాళ్లు ఒకే ఒక్క పని చేయాలి: ఒక పలక చదవడం, లేదా ఒక పలక తుడిచి రాయడం. మనసులో లెక్క వేసుకోవడానికి పిలుపు అక్కర్లేదు. షెడ్యూలర్ ఒకరినే పదిసార్లు వరసగా పిలవచ్చు, ఒకరిని ఇక ఎప్పటికీ పిలవకుండా వదిలేయనూ వచ్చు. ఆ వదిలేసిన మనిషే క్రాష్ అయిన ప్రాసెస్. మిగతావాళ్లకు ఆ సంగతి తెలియదు. ఆలస్యమైన మనిషికీ పడిపోయిన మనిషికీ తేడా బయటికి కనిపించదు, కష్టమంతా ఇక్కడి నుంచే పుడుతుంది.

ఇంకో నియమం కొంచెం వింతగా అనిపిస్తుంది. పలక ఎక్కడ ఉందన్నది వాడుకోకూడదు. "నాది వరసలో రెండో పలక, కాబట్టి నాకు రెండో గడి" అనేస్తే సమస్యే లేదు కదా! నిజానికి ఎన్ని లక్షల బైకుల్లోంచి ఏ ముగ్గురు వస్తారో ముందుగా తెలియదు కాబట్టి అలాంటి వరస ఎవరూ వేసి ఉంచలేరు. మీ చేతిలో ఉన్నది ప్లేట్ నంబర్ ఒక్కటే.

ఇద్దరి చివరి నాలుగంకెలు ఒకటే అయితే ముందున్న సిరీస్ అక్షరాలు కూడా కలుపుకోండి. మొదటి పేర్లు వేర్వేరుగా ఉండటం తప్పనిసరి.

మొదట తప్పుగా ఆడండి

నేల మీద మూడు గళ్లు గీసి ఒక్కో గడిలో ఒక ఖాళీ పలక పెట్టండి. నియమం: పలక చదవండి, ఖాళీగా ఉంటే మీ నంబర్ రాయండి, గడి మీదే. చెడ్డ షెడ్యూలర్‌కు ఇది రెండు నిమిషాల పని. 4127ను పిలుస్తాడు, ఆయన ఖాళీ అని చదువుతాడు. 1530ను పిలుస్తాడు, ఆయనా ఖాళీ అనే చదువుతాడు. తర్వాత ఇద్దరూ రాస్తారు. ఇద్దరూ ఒకే గడిలో నిలబడతారు.

ఈ ఓటమిని దాటేసి ముందుకు వెళ్లకండి. ఇద్దరూ ఎదురెదురుగా ఒకే గడిలో నిలబడి "నాది" అన్నప్పుడు, చూడటానికీ రాయడానికీ మధ్య ఉన్న ఖాళీ కళ్లకు కనిపిస్తుంది. ఆఫీసుల్లో రాత్రిపూట టెన్షన్ పెట్టే బగ్‌లు చాలావరకు ఈ ఖాళీలోనే పుడతాయి.

ఒక్క గది: స్ప్లిటర్

ఇప్పుడు ఒక గది గీయండి. లోపల రెండు పలకలు పెట్టండి. ఒకటి పేరు పలక, ఖాళీగా. రెండోది తలుపు పలక, దాని మీద "తెరిచి" అని రాయండి. గదిలోకి వచ్చినవాళ్లు ఈ నాలుగు పనులు వరసగా చేయాలి, పిలుపుకు ఒకటి చొప్పున.

1. పేరు పలక తుడిచి మీ నంబర్ రాయండి.
2. తలుపు పలక చదవండి. "మూసి" అని ఉంటే కుడివైపుకు వెళ్లిపోండి.
3. "తెరిచి" అని ఉంటే దాన్ని తుడిచి "మూసి" అని రాయండి.
4. పేరు పలక మళ్లీ చదవండి. మీ నంబరే ఉంటే ఆగిపోండి, గది మీది. వేరే నంబర్ ఉంటే కిందివైపుకు వెళ్లండి.

దీనికి స్ప్లిటర్ అని పేరు. లెస్లీ లాంపోర్ట్ 1987లో రాసిన, ఒకసారికి ఒకరినే లోపలికి రానిచ్చే వేగమైన మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్ అల్గారిథమ్‌లోంచి ఈ ఆలోచన వచ్చింది. ఒంటరిగా వచ్చినవాళ్లు ఇక్కడ తప్పకుండా ఆగుతారు, అది చూడగానే తెలుస్తుంది. అసలు అందం మిగతా మూడు గుణాల్లో ఉంది. వాటిని షెడ్యూలర్‌కు సవాలుగా ఇవ్వండి.

"ఇద్దరిని ఒకే గదిలో ఆపి చూపించు." కుదరదు. 4127, 1530 ఇద్దరూ ఆగారనుకుందాం. వాళ్లలో 4127 ముందు పేరు రాశారు, 1530 తర్వాత రాశారు. 4127 చివర్లో తన నంబరే చూశారంటే, ఆ చూడటం 1530 రాయకముందే జరిగి ఉండాలి. అలా చూడకముందే 4127 తలుపు మూశారు. అంటే 1530 పేరు రాసే సమయానికే తలుపు మూసి ఉంది. ఆ తర్వాత తలుపు చదివితే "మూసి" అనే కనిపించాలి, 1530 కుడివైపుకు పోవాలి. ఆగడం అబద్ధం. ఈ వాదనను నోటితో చెప్పుకుంటూ పలకలతో ఒకసారి చేసి చూడండి. పలకలతో చేసినవాళ్లు దీన్ని ఇక మరచిపోరు.

"వచ్చిన అందరినీ కుడివైపుకు పంపు." కుదరదు. తలుపు మూసినవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి, వాళ్లు కుడికి వెళ్లరు. "అందరినీ కిందికి పంపు." అదీ కుదరదు. పేరు పలక మీద అందరికంటే చివర రాసినవాళ్లు నాలుగో పని దాకా వస్తే తమ నంబరే చూస్తారు, రాకపోతే కుడికి పోయి ఉంటారు, ఎలా అయినా కిందికి మాత్రం వెళ్లరు.

ఇద్దరితో ఈ గదిని పూర్తిగా పరీక్షించాలంటే పిలుపుల వరసలు ఎన్నో తెలుసా? చెరి నాలుగు పనులు, మొత్తం ఎనిమిది పిలుపులు, అందులో నాలుగు ఒకరివి. గరిష్ఠంగా 70 వరసలు. నోట్‌బుక్‌లో ఒక సాయంత్రం పట్టే పని. ముగ్గురైతే 34,650 అవుతాయి, అక్కడ కంప్యూటర్ కావాలి.

గదుల్ని మెట్లుగా పేర్చండి

ముగ్గురు ఆటగాళ్లకు ఆరు గదులు: పై వరసలో మూడు, దాని కింద రెండు, ఆ కింద ఒకటి. అందరూ పై వరస ఎడమ మూల గదిలోంచి మొదలుపెట్టాలి. కుడికి అంటే పక్క గది, కిందికి అంటే కింది గది. ఎక్కడ ఆగితే ఆ గది నంబరే మీ కొత్త పేరు.

ప్రతి గదిలోనూ గుంపు కనీసం ఒక్కరైనా తగ్గి విడిపోతుంది. ముగ్గురు వస్తే ఒక వైపుకు ఇద్దరికంటే ఎక్కువ వెళ్లరు. రెండు గదులు దాటేసరికి ఒక్కొక్కరే మిగులుతారు, ఒంటరిగా వచ్చినవాళ్లు ఆగక తప్పదు. కాబట్టి మెట్ల అంచు దాటి బయటపడేవాళ్లు ఉండరు. మార్క్ మోయర్, జేమ్స్ ఆండర్సన్ 1995లో ప్రచురించిన పద్ధతి ఇది.

గదులకు నంబర్లు వేయడంలో మాత్రం జాగ్రత్త. అడ్డ వరసల్లో కాకుండా ఏటవాలుగా వేయండి: మూల గది 1, దాని కుడి పక్కది 2, మూల గది కిందిది 3, తర్వాతి ఏటవాలు వరస 4, 5, 6. ఇలా వేస్తే వంద మంది కోసం గీసిన మెట్ల మీదకు ఇద్దరే వచ్చినా వాళ్లకు 1, 2, 3లోపే దొరుకుతుంది. అడ్డంగా వేస్తే ఆ ఇద్దరిలో ఒకరికి 101 రావచ్చు.

ఇది వేగమైన పద్ధతి. n మంది ఆటగాళ్లుంటే ఒక్కొక్కరు n గదులకు మించి చూడరు, గదికి నాలుగు పనులే. కానీ పేర్లు చాలా ఖర్చవుతాయి. n మందికి n(n+1)/2 గదులు. ఆరుగురికి 21, వంద మందికి 5,050. వంద బైకులకు అయిదు వేల గళ్లున్న సెల్లార్ హైదరాబాద్‌లో ఎవరు కడతారు?

ఇప్పుడు ఫోన్ తీయండి: 2n−1 పేర్లు

గదులన్నీ చెరిపేయండి. ఈసారి ఒక్కొక్కరికీ ఒకే పలక. మీ పలక మీద మీరే రాయాలి, అందరి పలకలూ అందరూ చూడొచ్చు. పలకలన్నీ ఒక చోట పరిచి, అన్నీ ఒకే ఫొటోలో పడేలా చూసుకోండి. ఒక పిలుపుకు ఒక ఫొటో తీయవచ్చు. పలక నుంచి పలకకు నడుస్తూ చదివితే, మూడోది చదివేలోపు మొదటిది మారిపోవచ్చు. ఫొటోలో అన్నీ ఒకే క్షణానివి. దీన్నే అటామిక్ స్నాప్‌షాట్ అంటారు. నిజమైన మెమరీకి కెమెరా ఉండదు, అయినా మామూలు చదవడం, రాయడంతోనే అలాంటి ఫొటో తయారు చేయవచ్చని 1990ల మొదట్లోనే చూపించారు. దాని సారం చెబుతాను: అన్నీ ఒకసారి చదివి, మళ్లీ చదవండి. ఏదీ మారకపోతే అదే ఫొటో. రాసే ప్రతివాళ్లూ రాసేముందు తామొక ఫొటో తీసి దాన్ని పలక మీదే జతచేస్తారు కాబట్టి, మీరు చదువుతుండగా ఎవరైనా రెండుసార్లు మారితే వాళ్ల ఫొటోనే అప్పు తీసుకోవచ్చు.

ఆట నియమం ఇది. మొదట మీ పలక మీద మీ నంబర్, దాని పక్కన మీకు కావాల్సిన గడి 1 అని రాయండి. ఫొటో తీయండి. మీరు కోరిన గడిని ఇంకెవరూ కోరకపోతే అది మీదే, ఆట ముగిసింది. కోరితే, ఫొటోలో కనిపించిన ప్లేట్ నంబర్లను చిన్న నుంచి పెద్దకు పేర్చి మీ స్థానం చూసుకోండి. మీది మూడో స్థానమైతే, ఇతరులు కోరిన గళ్లను వదిలేసి మిగిలిన వాటిలో మూడో గడిని ఇప్పుడు కోరండి. పలక మీద అది రాసి మళ్లీ ఫొటో.

1530, 4127, 9064 ముగ్గురూ కలిసి కదిలితే ఏమవుతుందో చూడండి. అందరూ 1 రాస్తారు, అందరికీ గొడవే. 1 పోగా మిగిలినవి 2, 3, 4. మొదటి స్థానం 1530ది, కాబట్టి 2 కోరుతుంది. 4127 మూడో గడిని, 9064 నాలుగో గడిని కోరుతాయి. ముగ్గురికీ దొరుకుతాయి. గడి 1 ఖాళీగా మిగిలిపోతుంది. చూసేవాళ్లకు "అయ్యో, అది వృథా కదా" అనిపిస్తుంది. ఒకరి కోసం ఒకరు ఆగకుండా ఉన్నందుకు కట్టే ధర అది.

ఇప్పుడు షెడ్యూలర్‌కు అసలు పని ఇవ్వండి: ఎవరినైనా ఐదో గడికి తోయాలి. దారి ఇది. 1530ను, 4127ను పిలిచి ఇద్దరితో 1 రాయించండి, ఇద్దరితో ఫొటో తీయించండి. 1530 మనసులో 2, 4127 మనసులో 3 ఉంది. 1530ను మాత్రం పిలవండి, 2 రాసి తీసుకుంటుంది. 4127ను అలా గాలిలో నిలబెట్టండి, ఆ పలక మీద ఇంకా పాత 1 కనిపిస్తూనే ఉంది. ఇప్పుడు 9064 వచ్చి 1 రాసి ఫొటో తీస్తుంది. ఇతరుల కోరికలు 1, 2. తన స్థానం మూడు. మిగిలిన గళ్లు 3, 4, 5, అందులో మూడోది 5. రాస్తుంది, ఇంకెవరూ కోరలేదు, తీసుకుంటుంది. ఆ తర్వాత 4127ను లేపితే 3 తీసుకుని వెళ్లిపోతుంది.

ముగ్గురికి ఐదు, అంటే 2n−1. అంతకు మించి షెడ్యూలర్ ఎంత తల బద్దలు కొట్టుకున్నా తోయలేడు. మీ స్థానం n దాటదు, ఇతరులు కోరినవి n−1 దాటవు, రెండూ కలిపితే 2n−1.

ఇద్దరికి ఒకే గడి ఎందుకు రాదంటే, ఇద్దరూ తమ చివరి కోరిక రాశాకే చివరి ఫొటో తీశారు. ఆ రెండు ఫొటోల్లో ఆలస్యంగా తీసినదాంట్లో రెండు కోరికలూ కనిపిస్తాయి, ఆ ఫొటో తీసినవాళ్లు గొడవ చూస్తారు. మరి అందరూ ఎప్పటికీ కొట్టుకుంటూనే ఉండిపోరా? ఉండరు. ఇంకా కదులుతున్నవాళ్లలో ప్లేట్ నంబర్ అందరికంటే చిన్నదైనవాళ్లను గమనించండి. కొంతసేపటికి వాళ్లకంటే పెద్ద నంబర్లవాళ్లంతా ఇంకా ముందున్న ఖాళీ గళ్లకు జరిగిపోతారు, వాళ్ల గడికి పోటీ ఉండదు. వాళ్లు తీసుకోగానే తర్వాతి చిన్న నంబర్ వంతు వస్తుంది.

ఇంకా తగ్గించగలమా?

ఇద్దరు ఆటగాళ్లు, రెండే గళ్లు. షెడ్యూలర్‌ను గెలవండి చూద్దాం. మా మేడ మీద దీనికి గంట పట్టింది, చివరికి ఎవరూ గెలవలేదు. గెలవలేరని దారంలో గుచ్చిన పూసల్లా చూపించవచ్చు.

ఒక్కొక్కరు రాసి ఒక ఫొటో తీశారనుకోండి. మీరు తీసిన ఫొటోలో మీరొక్కరే ఉంటారు, లేదా ఇద్దరూ ఉంటారు. నాలుగు పూసలు గుచ్చండి: "నేను ఒంటరి", "నువ్వు ఇద్దరినీ చూశావు", "నేను ఇద్దరినీ చూశాను", "నువ్వు ఒంటరి". పక్కపక్క పూసలు ఒకే ఆటలో కలిసి జరగగలవు, కాబట్టి వాటి గళ్లు వేరుగా ఉండాలి. గళ్లు రెండే అయితే పూసలు 1, 2, 1, 2 అవ్వాలి. కానీ ఒంటరిగా వచ్చినవాళ్లు పలక ఎక్కడుందో వాడుకోలేరు కాబట్టి రెండు చివర్లూ ఒకే గడి అవ్వాలి. మొదటిది 1, చివరిది 2. దారం తెగిపోయింది. ఇంకా ఎన్ని ఫొటోలు తీసినా పూసలు పెరుగుతాయి, సంఖ్య మాత్రం ఎప్పుడూ సరిసంఖ్యే, చివర్లు కలవవు. మారిస్ హెర్లిహి, నీర్ షావిట్ ఇలాంటి ఆకారాలను ముగ్గురికి త్రిభుజాలుగా, ఆపైన ఇంకా ఎక్కువ కొలతల్లోకి తీసుకెళ్లి, ఆకారాల గణితమైన టోపాలజీతో కంప్యూటింగ్‌ను చదివే దారి వేశారు. ఆ పనికి 2004లో కంప్యూటర్ సైన్స్ సిద్ధాంతానికి ఇచ్చే గోడెల్ ప్రైజ్ పంచుకున్నారు.

ఆ తర్వాతి కథ నాకు ఈ విషయం మొత్తంలో అన్నిటికంటే ఇష్టం. n ఎంతైనా 2n−2 పేర్లు చాలవని చాలాకాలం అనుకున్నారు. 2008లో కాస్తన్యెడా, రాయ్‌స్‌బౌమ్ అది అన్ని n విలువలకూ నిజం కాదని బయటపెట్టారు. n ప్రధాన సంఖ్య అయినా, ఒకే ప్రధాన సంఖ్య ఘాతమైనా చాలవు. మిగతా n విలువలకు చాలుతాయి! 2, 3, 4, 5 మందికి కుదరదు. ఆరుగురికి పది గళ్లతో సరిపెట్టవచ్చు. ఏడు, ఎనిమిది, తొమ్మిదికి మళ్లీ కుదరదు. పదికి కుదురుతుంది.

కాగితం మీద మీరే చూడండి, కుదిరేదీ కుదరనిదీ ఈ లెక్కలోనే తేలుతుంది. ఆరుగురిలోంచి ఒకరిని, ఇద్దరిని, ముగ్గురిని ఎన్ని రకాలుగా ఎంచుకోవచ్చు? 6, 15, 20. ఈ మూడింటినీ భాగించే ఉమ్మడి సంఖ్య 1 తప్ప లేదు. నలుగురికి 4, 6, 4 వస్తాయి, అన్నిటినీ 2 భాగిస్తుంది. తొమ్మిది మందికి 9, 36, 84, 126, అన్నిటినీ 3 భాగిస్తుంది. బైకులు పెట్టుకునే గళ్ల లెక్క వెళ్లి వెళ్లి ఇంటర్ సంయోగాల లెక్కలో తేలుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఆ ఆరుగురి పద్ధతిని పలకలతో ఆడటం మాత్రం మొదలుపెట్టకండి, అది చాలా చిక్కు. అది ఉందని తెలిస్తే చాలు.

ఇక కోడ్

అమీర్‌పేట కోచింగ్‌ల వల్ల ఎక్కువమందికి చేయి తిరిగిన భాష జావా, అందులోనే చెబుతాను. స్ప్లిటర్‌తో మొదలుపెట్టండి. ఒక క్లాస్, అందులో ఇంట్ రకం పేరు, బూలియన్ రకం తలుపు, పైన చెప్పిన నాలుగు వరసలే మెథడ్.

ఇక్కడే అసలు గుంట ఉంది. ఆ రెండు వేరియబుల్స్‌నూ తప్పకుండా వోలటైల్‌గా ప్రకటించండి. మేడ మీద మీరు రాసిన అక్షరం వెంటనే అందరికీ కనిపిస్తుంది. ప్రాసెసర్‌లో అలా కాదు. ప్రతి కోర్ తాను రాసినదాన్ని ముందు తాత్కాలికంగా దాచుకునే తన స్టోర్ బఫర్‌లో పెట్టుకుంటుంది. మీ ల్యాప్‌టాప్‌లోని ఇంటెల్, ఏఎండీ చిప్‌లు కూడా ఇదే చేస్తాయి. వోలటైల్ లేకపోతే మొదటి థ్రెడ్, అంటే కోడ్‌లో మన ఆటగాడు, పేరు రాస్తుంది కానీ అది బయటికి రాదు, తలుపు తెరిచే ఉందని చదువుతుంది, మూస్తుంది, తన బఫర్‌లోంచి తన పేరే చదువుకుని ఆగిపోతుంది. రెండో థ్రెడ్ కూడా అచ్చంగా అదే చేస్తుంది. ఒకే గదిలో ఇద్దరు! ప్రూఫ్ తప్పు కాదు, ప్రూఫ్ అడిగిన మెమరీని మీరు ఇవ్వలేదు. సీ ప్లస్ ప్లస్‌లో రాస్తుంటే అటామిక్ డీఫాల్ట్ క్రమాన్నే ఉంచండి, వేగం కోసం తక్కువ హామీ ఇచ్చే అక్వైర్-రిలీజ్‌కు దించితే ఇదే ప్రమాదం తిరిగి వస్తుంది.

పలకల ఆటను రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త. జావాలో అర్రేను వోలటైల్ అంటే అర్రే వైపు చూపే రెఫరెన్స్ ఒక్కటే వోలటైల్ అవుతుంది, లోపలి గళ్లు కావు. అటామిక్ రెఫరెన్స్ అర్రే వాడండి. నంబర్, కోరిక రెండూ ఒకే ఆబ్జెక్ట్‌లో పెట్టి ఒకేసారి రాయండి.

పరీక్షించేటప్పుడు థ్రెడ్‌లన్నీ కౌంట్‌డౌన్ లాచ్ దగ్గర ఆగి ఒకేసారి బయల్దేరేలా చేయండి. లక్షసార్లు నడిపి, ప్రతిసారీ వచ్చిన పేర్లను ఒక సెట్‌లో వేసి నకిలీలు ఉన్నాయేమో, గరిష్ఠ పేరు హద్దు దాటిందేమో చూడండి. లక్షసార్లు పాసైనా నమ్మేయకండి. థ్రెడ్‌లు వాడకుండా షెడ్యూలర్ పాత్రను మీరే రాసి, ఇద్దరికీ ముగ్గురికీ పిలుపుల వరసలన్నీ నడిపించండి. అల్గారిథమ్ తప్పైతే అది పట్టిస్తుంది, మెమరీ తప్పైతే థ్రెడ్ పరీక్ష పట్టిస్తుంది. రెండూ కావాలి.

ఆఫీస్ పనిలో నిజంగా చిన్న నంబర్లు పంచాలంటే ఇదంతా వాడాలా? వద్దు. అటామిక్ ఇంటిజర్ మీద గెట్-అండ్-ఇంక్రిమెంట్ పిలవండి, బ్యాంకులో టోకెన్ మిషన్‌లా వరసగా ఇచ్చేస్తుంది. గళ్లు తిరిగి ఖాళీ చేయాల్సి ఉంటే గడికొక అటామిక్ బూలియన్ పెట్టి, ఒకటో గడి నుంచి గెట్-అండ్-సెట్ చేస్తూ వెళ్లండి, n మందికి n గళ్లే చాలు. అంత సులువుగా ఎందుకైందంటే చదవడం, రాయడం అనే రెండు పనుల మధ్య ఖాళీని హార్డ్‌వేర్ మూసేసింది. మేడ మీద ఇద్దరు ఒకే గడిలో ఎదురెదురుగా నిలబడ్డారే, ఆ ఖాళీనే.

వచ్చే ఆదివారానికి ఒక పని. ఆరుగురిని పిలిచి 2n−1 ఆట ఆడండి, షెడ్యూలర్‌గా మీరు ఉండండి. అందరికంటే పెద్ద ప్లేట్ నంబర్ ఉన్న మనిషిని పదకొండో గడికి తోయాలి. మొదటి ఐదుగురితో 1 రాయించి ఫొటోలు తీయించండి. వాళ్లలో చిన్న నంబర్‌ మనిషిని ఒక్కరినే గాలిలో నిలబెట్టి, మిగతా నలుగురిని 3, 4, 5, 6కు పంపించేయండి. ఇప్పుడు ఆరో మనిషిని పిలవండి.